ఊరు దాటితే మెయిల్ పోవడం లేదా?

స్కాలర్‌షిప్ కోసం బ్యాంకు పాస్‌బుక్ కాపీ మెయిల్ చేయమన్నారు. మీరేమో హాస్టల్లోనో, బంధువుల ఇంట్లోనో ఉన్నారు. మెయిళ్లు వస్తున్నాయి, పంపితే మాత్రం పోవడం లేదు. వెంటనే అవుట్‌బాక్స్ చూడండి. అందులోనే ఉందంటే ఆఫీసుకు చేరలేదన్నమాట. గడువు మాత్రం ఆగదు.

మెయిల్ వచ్చే దారి వేరు, పోయే దారి వేరు. మీ ఇంటి నెట్ కంపెనీ సర్వర్ ద్వారా పంపుతుంటే, అది తన కనెక్షన్ ఉన్నవాళ్ల మెయిల్‌ను పాస్‌వర్డ్ అడక్కుండా తీసుకోవచ్చు. వేరే వైఫై నుంచి వస్తే బయటివాళ్లని తిప్పికొడుతుంది. పైగా స్పామ్ భయంతో చాలా నెట్‌వర్క్‌లు పోర్టు 25ను మూసేస్తాయి.

వైఫై ఆపి, మొబైల్ డేటాతో పంపి చూడండి. వెళ్తే ఆ వైఫైదే అడ్డు. వెళ్లకపోతే మెయిల్ యాప్ సెట్టింగ్స్‌లో 'అవుట్‌గోయింగ్ సర్వర్' తెరవండి. పోర్టు 25 ఉంటే 587గా మార్చి, సెక్యూరిటీ దగ్గర స్టార్ట్‌టీఎల్‌ఎస్ ఎంచుకోండి. 'రిక్వైర్ సైన్ ఇన్' ఆన్ చేసి పూర్తి మెయిల్ అడ్రస్, పాస్‌వర్డ్ ఇవ్వండి. చాలామంది ఇక్కడే పొరబడతారు. వచ్చే మెయిల్‌కు ఇచ్చిన పాస్‌వర్డ్ సరిపోదు, పోయేదానికి విడిగా ఇవ్వాలి.

జీమెయిల్ అడ్రస్‌ను జీమెయిల్ యాప్‌లోనే వాడేవాళ్లకు ఈ తిప్పలుండవు. వాళ్లు ఫైల్ సైజు 25 ఎంబీ దాటిందేమో చూసుకుంటే చాలు.

ఈ రోజే ఆఖరు రోజైతే సెట్టింగ్స్ జోలికి పోకండి. బ్రౌజర్‌లో మీ మెయిల్ సైట్ తెరిచి పంపేయండి. నెట్ సెంటర్లో అయితే పాస్‌వర్డ్ మీరే కొట్టండి, ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు, పనయ్యాక లాగౌట్ చేయండి. 'సెంట్'లో కనిపించాక ఆఫీసుకు ఫోన్ చేసి అందిందో లేదో కనుక్కోండి.