పిల్లలకొక ఆకాశపు బొమ్మల పుస్తకము

మొన్న సంక్రాంతి సెలవులలో మా మనుమరాలికొరకు ఆకాశమునుగూర్చి ఒక బొమ్మల పుస్తకమును ఇంటనే కుట్టితిమి. అట్టివి అంగళ్ళలో దొరకకపోలేదు. పిల్ల తన కన్నులయెదుట తయారైన పుస్తకమును చినుగకుండ దాచుకొనునని మా ఆశ. అయితే బొమ్మలు వ్రాయుటలో మాకు గొప్ప నేర్పు లేదు. ఒక ఆంగ్ల చిత్రపుస్తకమును ముందుంచుకొని, అందున్నవే దింపుకొంటిమి. తప్పు అక్కడనే జరిగినది. దానిని ఎనిమిదేండ్ల పిల్ల దిద్దినది.

మొదటి పుటలో విదియ చందమామను వ్రాసితిమి. ఆంగ్ల పుస్తకములో నున్నట్లే నిలువుగా, కొడవలివలె దిద్ది, పసుపురంగు వేసితిమి. ఆ సాయంకాలము పిల్ల పుస్తకమును చంకను బెట్టుకొని డాబా యెక్కి, క్షణములో దిగివచ్చి, “అమ్మమ్మా! నీ చందమామ నిలబడి ఉన్నాడు. మన చందమామ పడుకొని ఉన్నాడు” అన్నది. మేమును పైకిపోయి చూచితిమి. పడమటి దిక్కున చంద్రరేఖ దోనెవలె వెల్లకిల నున్నది. అరువదియేండ్లనుండి చూచుచున్న చందమామయే! అయినను వ్రాయునప్పుడు కన్నులు చూచినది చేతికి రాలేదు. పరాయి పుస్తకములోనిదే వచ్చినది.

కారణమేమో పిల్లకు చెప్పవలసి వచ్చినది. చంద్రునికి సొంత వెలుగు లేదు. సూర్యుడున్న వైపే వెలుగును. మన దేశము భూమధ్యరేఖకు దగ్గర. సంక్రాంతి దినములలో అస్తమించిన సూర్యునికి ఇంచుమించు నిట్టనిలువుగా పైన చంద్రుడుండును. కనుక అతని అడుగుభాగమే వెలుగును. ఇంగ్లండు ఉత్తరమున దూరముగా నున్నది. అక్కడ చంద్రుడు సూర్యునికి ఏటవాలుగా నుండుటచే రేఖయు ప్రక్కకు ఒరిగియుండును. దీపము వెలిగించి, నారింజపండును ఒకసారి దీపమునకు ప్రక్కగా, ఒకసారి సరిగా పైగా పట్టి చూపినచో నిమిషములో బోధపడినది. చందమామ కొమ్ములనడుమ చుక్కను పెట్టు అలవాటుకూడ ఉన్నది గదా! అక్కడ చంద్రుని చీకటిభాగమున్నది. దాని వెనుకనున్న చుక్క కనబడుటెట్లు? దానినికూడ తుడిచివేసితిమి.

చుక్కల పుటలకు రంగులు వాడలేదు. నల్లకాగితమునకు సూదితో రంధ్రములు పొడిచితిమి. పెద్దచుక్కలకు దబ్బనము, నడిమివానికి కుట్టుసూది, చిన్నవానికి పూసలసూది. పుటను దీపమున కడ్డముగా పట్టినప్పుడు మృగవ్యాధుడు దబ్బనపు రంధ్రమునుండి దివ్యముగా వెలిగినాడు. రాత్రి ఎనిమిదిగంటలకు నడినెత్తిన పిల్లలకోడి యుండెను. పిల్ల ఆరుచుక్కలు లెక్కించినది. మాకు మబ్బుతునుకవలె కనబడినది. ఆమె కన్నులను నమ్మి ఆరే పొడిచితిమి.

తరువాత సప్తర్షుల వంతు. వారు ఏడాది పొడుగున, ప్రతిరాత్రియు కనబడుదురని ఆంగ్ల పుస్తకమున నున్నది. లండనులో నది నిజమే. ధ్రువనక్షత్రము అక్కడ సగము ఆకాశమునకు పైగా నుండుటచే సప్తర్షులు దానిచుట్టు తిరిగినను నేలకు దిగరు. మనకట్లు గాదు. చేయి చాచి పిడికిలి బిగించినచో అది ఇంచుమించు పది డిగ్రీలను కప్పును. విజయవాడలో ధ్రువుడు నేలకు ఒక పిడికిలిన్నర యెత్తున మాత్రమే యుండును. లండనులో అయిదు పిడికిళ్ళ యెత్తున. అందుచే మన సప్తర్షులు అస్తమింతురు, ఉదయింతురు. సంక్రాంతినాటికి ఏడుగురును కనబడుటకు రాత్రి పదకొండు గావలెను. ఎనిమిదిగంటలకే వెదకి వెదకి, “పుస్తకము అబద్ధమా?” యని పిల్ల యడిగినప్పుడు మాకు నిజముగా సిగ్గు కలిగినది. పెండ్లిలో అరుంధతిని చూపించుకొన్న మనము ఇంత తెలియక పోయితిమే!

ఇచ్చట హెచ్. ఏ. రే గారిని తలచుకొనక తప్పదు. క్యూరియస్ జార్జ్ అను కోతిపిల్ల కథలు వ్రాసినది ఆయనయు, ఆయన భార్య మార్గరెటును. 1940 జూనులో జర్మను సేనలు పారిసు చేరుటకు ముందు, ఆ దంపతులు ఆ కోతి కథ వ్రాతప్రతిని వెంటగొని సైకిళ్ళపై పట్టణము విడిచిరి. ఆయనయే 1952లో ‘ది స్టార్స్’ అను పుస్తకము వెలువరించెను. అంతకుముందు పటములలో చుక్కలను కలుపు గీతలు ఏ రూపమునకును సరిపడకుండెడివి. రే గారు ఆ చుక్కలనే వేరువిధముగా కలిపి, మిథునరాశిలో చేతులు పట్టుకొన్న ఇద్దరిని తెప్పించిరి. చుక్కను కదల్పక గీతను మాత్రము మార్చుట ఆయన నియమము. మేమును దానినే పాటించి, పిల్లలకోడికి ముక్కును, తోకను మాత్రము గీసితిమి.

గ్రహముల పుట మమ్ము మిక్కిలి కష్టపెట్టినది. ముత్యాలసరమువలె వరుసగా గ్రుచ్చిన గ్రహములబొమ్మ ఎల్లెడల కనబడును. అది నిజమునకు బహుదూరము. సూర్యుని అడుగు వెడల్పుగల గుమ్మడికాయ యనుకొనుడు. భూమి సజ్జగింజ. దానిని 35 గజముల దూరమున నుంచవలెను. చంద్రుడు గసగసాలగింజ, సజ్జగింజకు నాలుగువ్రేళ్ళ దూరము. గురుడు ఉసిరికాయ, 180 గజములకు పైగా దూరము. కడపటి నెప్ట్యూను కుంకుడుగింజ. దానికి ఇంచుమించు కిలోమీటరు నడువవలెను. ఏ పుటలో పట్టును? అందుచే బొమ్మ మానివేసి, లెక్క మాత్రము వ్రాసి, గుమ్మడికాయను అరుగుమీద నుంచి వీధిలోనికి నడచితిమి. ఇరుగుపొరుగు నవ్విరి; వారి పిల్లలు మాత్రము వెంట వచ్చిరి. ఉసిరికాయవరకు పోగలిగితిమి. అక్కడనుండి మా మోకాళ్ళు సమ్మతింపలేదు.

తిరిగివచ్చినపిమ్మట పిల్ల రాకెట్టుబొమ్మ కావలెనని పట్టుపట్టినది. మన శ్రీహరికోటనుండి 2023 జూలై 14న బయలుదేరిన చంద్రయాన్-3 ఆగస్టు 23న చంద్రునిపై దిగినది. సజ్జగింజనుండి గసగసాలగింజకు నాలుగువ్రేళ్ళు. ఆ ప్రయాణమునకు నలువది దినములు! ఈ పుటలో మాత్రము బొమ్మ సరిగా పట్టినది. రాకెట్టును పిల్లయే వ్రాసినది. కొలతకు మిక్కిలి పెద్దది. మేము దిద్దలేదు.

సప్తర్షుల పుట ఇంకను నల్లగానే యున్నది. ఉగాది దాటిన పిమ్మట వారు రాత్రి ఎనిమిదిగంటలకే ఉత్తరమున బాగుగ పైకి వత్తురు. అప్పుడు డాబామీద చూచి పొడువవలెనని, దబ్బనమును పుస్తకములోనే గ్రుచ్చియుంచితిమి.