చేపల జాడ తెలిపే శాస్త్రం - సంపదను కాపాడే వేట విరామం

సముద్రంలో చేపలు లభించే ప్రాంతాలు ముందుగా తెలిసినట్లయితే మత్స్యకారులకు సమయం, డీజిల్ రెండూ ఆదా అవుతాయి. 1999లో హైదరాబాదులో ఏర్పాటైన జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం ఇన్‌కాయిస్ ఈ సమాచారాన్ని అందిస్తున్నది.

సముద్ర ఉపరితల ఉష్ణోగ్రతను, నీటిలోని పత్రహరితాన్ని ఉపగ్రహాలు గుర్తిస్తాయి. వేడినీరు, చల్లని నీరు కలిసే చోట సూక్ష్మజీవుల ఆహారం సమృద్ధిగా ఉండడం వల్ల చేపలు గుమిగూడుతాయి. అటువంటి ప్రాంతాల దిశ, దూరం, లోతు వివరాలు తెలుగుతో సహా ప్రాంతీయ భాషలలో తీర గ్రామాలకు చేరుతున్నాయి.

అయితే, చేపలను పట్టే నేర్పుతో పాటు వాటిని పెరగనిచ్చే ఓర్పు కూడా అవసరం. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులపాటు మరబోట్ల వేటపై నిషేధం అమలులో ఉంటుంది. ఇది పలు జాతుల చేపలు, రొయ్యలు గుడ్లు పెట్టే కాలం. గుడ్లతో ఉన్న తల్లి చేపలను పట్టినట్లయితే మరుసటి సంవత్సరాల దిగుబడి క్షీణిస్తుంది. అందువల్ల ఈ నిషేధ కాలంలో ఇన్‌కాయిస్ సైతం చేపల జాడ సూచనలను నిలిపివేస్తుంది.

వేట లేని రోజులలో ఉపాధి కోల్పోయే కుటుంబాలకు ఇచ్చే భృతిని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025లో 10,000 రూపాయల నుండి 20,000 రూపాయలకు పెంచింది. మత్స్యకారుని జీవనానికి భరోసా ఉన్నప్పుడే వేట విరామం సక్రమంగా అమలవుతుంది.