పాత బెంజిని పోషించడం

రాత్రి సమంగా నిలబెట్టిన ఎస్‌-క్లాస్‌ బెంజి తెల్లారేసరికి ఒక మూల కుంగి కనిపిస్తే యజమానికి గుండె జారుతుంది. అనుభవమున్న మెకానిక్‌ మాత్రం కంగారు పడడు. సబ్బునీళ్లు కలిపి, ఆ చక్రం పైనున్న గాలి సంచి మీద చల్లుతాడు. బుడగలు ఎక్కడ లేస్తే రోగం అక్కడే.

1998లో వచ్చిన ఎస్‌-క్లాస్‌ డబ్ల్యు220 మోడల్‌లో స్టీలు స్ప్రింగుల బదులు ఈ రబ్బరు సంచులు పెట్టారు. గతుకుల్లో వెళ్తున్నా లోపల కూర్చున్నవాళ్లకు తెలియదు. కానీ ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు పగులుతుంది, గాలి కారుతుంది. తగ్గిన గాలిని నింపాలని కంప్రెసర్‌ పదేపదే తిరుగుతుంది, చివరికి అదీ కాలిపోతుంది. ‘నడుస్తోందిగా, చూద్దాంలే’ అన్నవాళ్లకు సంచితో పోయే ఖర్చు కంప్రెసర్‌ దాకా వస్తుంది.

ఖరీదైన పాత కార్ల గొడవంతా దాదాపు ఇలాంటిదే. ఇంజిన్‌ గట్టిదే, దాని చుట్టూ ఉన్న రబ్బరు, ప్లాస్టిక్‌, వైర్ల తొడుగులే ముందు లొంగుతాయి. 1995లో టాటా వారి టెల్కో భాగస్వామ్యంతో పుణెలో తయారీ మొదలైన డబ్ల్యు124 మన దేశంలో తయారైన తొలి బెంజి కారు. దాని పటుత్వం గురించి ఇప్పటికీ కథలు చెబుతారు. అయినా ఆ కాలపు కొన్ని పెట్రోలు ఇంజిన్లలో, వేడికి వైరింగ్‌ తొడుగు వేలితో నొక్కితే అప్పడంలా పొడైపోతుంది. లోపలి రాగి తీగలు ఒకదానికొకటి తగిలి ఇంజిన్‌ వణుకుతుంది, ఉన్నట్టుండి ఆగుతుంది. ఓపిక లేని షెడ్డులో ముందు ప్లగ్గులు మారుస్తారు, తర్వాత కాయిల్‌, ఆ తర్వాత సెన్సర్‌. బిల్లు పెరుగుతుంది, వణుకు తగ్గదు. స్కానర్‌ చూపించేది లక్షణాన్నే. కారణం కనిపెట్టాల్సింది మనిషే.

‘బెంజి ఇంజిన్‌కు చావు లేదు’ అనేవాళ్లు గ్రీస్‌ టాక్సీ డ్రైవర్‌ గ్రెగోరియోస్‌ సాకినిడిస్‌ను ఉదాహరణ చెబుతారు. ఆయన 240డి బెంజి 46 లక్షల కిలోమీటర్లు తిరిగి, 2004లో కంపెనీ మ్యూజియానికి చేరింది. నిజమే. అయితే ఆయన ఇంజిన్లను మార్చుకుంటూ, విప్పి బాగుచేయించుకుంటూ నడిపాడన్న సంగతి మాత్రం దాటేస్తారు!

చిన్న హ్యాచ్‌బ్యాక్‌ ధరకే పాత ఎస్‌-క్లాస్‌ దొరుకుతోందని మురిసిపోయే ముందు ఒకటి ఆలోచించాలి. పడిపోయింది బండి ధరే, స్పేర్‌ పార్టుల ధర కాదు. పదిహేనేళ్లు దాటిన కారుకు ఆర్‌సి రెన్యువల్‌ ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 రూపాయలైందని గోల పెట్టారు కానీ, ఈ పార్టుల ముందు అది చిల్లరే.

కొనేవాళ్లు పెయింటు మెరుపు కాదు, బిల్లుల ఫైలు చూడాలి. బుష్షులు, హోస్‌ పైపులు, బ్రేక్‌ ఆయిల్‌ ఎప్పుడు మార్చారు? ముఖ్యంగా గేర్‌బాక్స్‌ ఆయిల్‌. డబ్ల్యు220 తరం ఆటోమేటిక్‌ గేర్‌బాక్సుకు జీవితాంతం ఆయిల్‌ మార్చక్కర్లేదని మొదట అన్నారు, తర్వాత కంపెనీయే మార్చమంది. ఆ మొదటి మాటనే నమ్ముకున్న యజమానులు చాలామంది. ఫైలు లేని బండి లక్ష తక్కువకొచ్చినా నేను ముట్టను.