కడుపు నిండా పెట్టకూడని ఆకలి

మలావీలోని బ్లాంటైర్‌లో క్వీన్ ఎలిజబెత్ సెంట్రల్ హాస్పిటల్ ఉంది. అక్కడి పిల్లల విభాగంలో పని నేర్చుకోవడానికి బ్రిటన్ నుంచి కూడా వైద్య విద్యార్థులు వెళుతుంటారు. ఎముకలు తేలిన పసివాణ్ణి చూడగానే కొత్తగా వచ్చినవారికి ఏమనిపిస్తుంది? వెంటనే కడుపు నిండా పెట్టాలి, సెలైన్ ఎక్కించాలి. తీవ్ర పోషకాహార లోపానికి చేసే వైద్యంలో ముందుగా మానుకోవాల్సినవి సరిగ్గా ఆ రెండే.

చాలాకాలం తిండి లేని ఒంట్లో గుండె, మూత్రపిండాలు అరకొరగా పనిచేస్తుంటాయి. ఒక్కసారిగా ఆహారం ఎక్కువైతే రక్తంలోని ఫాస్ఫరస్, పొటాషియం కణాల్లోకి పోయి గుండె లయ తప్పవచ్చు. సెలైన్ భారాన్ని ఆ గుండె మోయలేదు. అందుకే షాక్‌లో ఉన్న బిడ్డకు తప్ప సూది ద్వారా ద్రవాలు ఇవ్వరు. మొదట ఇచ్చేది ఎఫ్-75 అనే పలచని పాలు. వంద మిల్లీలీటర్లకు 75 కేలరీలే. బిడ్డ బరువును బట్టి కొలిచి, రెండు మూడు గంటలకోసారి, అర్ధరాత్రి కూడా నిద్రలేపి పట్టించాలి. ఒక్క పూట తప్పినా రక్తంలో చక్కెర పడిపోవచ్చు, ఒళ్లు చల్లబడవచ్చు. రెండూ ప్రాణం మీదికి తెచ్చేవే. రక్తం తక్కువగా ఉన్నా, బరువు పెరగడం మొదలయ్యేదాకా ఐరన్ ఇవ్వరు.

కొందరు పిల్లలు బొద్దుగానే కనిపిస్తారు. రెండు పాదాల మీద బొటనవేళ్లతో మూడు సెకన్లు నొక్కి వదిలితే గుంట అలాగే ఉండిపోతుంది. అది కండ కాదు, నీరు. ఇది క్వాషియార్కర్. నాటి గోల్డ్ కోస్ట్‌లో, అంటే నేటి ఘనాలో, పనిచేసిన డాక్టర్ సిసిలీ విలియమ్స్ 1930లలో దీన్ని వైద్యలోకం ముందు పెట్టారు. వైద్యం పనిచేస్తుంటే నీరు తగ్గి, ఈ బిడ్డ బరువు ముందు తగ్గుతుంది! బరువు పడిపోతే సంతోషించడం విద్యార్థికి కొత్తే మరి.

అసలు మార్పు మాత్రం వార్డు బయట వచ్చింది. 1996లో వైద్యుడు ఆంద్రే బ్రియాండ్, ఆహార తయారీదారు మిషెల్ లెస్కాన్ వేరుశనగ ముద్ద, పాలపొడి, చక్కెర, నూనె, విటమిన్లు కలిపి ప్లంపీనట్ తయారు చేశారు. 92 గ్రాముల పొట్లంలో 500 కేలరీలు. నీళ్లు కలపక్కర్లేదు, వండక్కర్లేదు కాబట్టి క్రిములకు చోటు తక్కువ. 2001లో పిల్లల వైద్యుడు మార్క్ మనారీ మలావీలోనే పిల్లలకు ఇలాంటి ముద్ద ఇచ్చి ఇళ్లకు పంపి చూశారు. వార్డులో కన్నా బాగా కోలుకున్నారు. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ ఈ పద్ధతికి మద్దతు పలికాయి. ఆకలి ఉండి, ఇతర జబ్బులు లేని పిల్లలకు ఇప్పుడు ఇల్లే వార్డు.

బిడ్డను గుర్తించడానికి ఖరీదైన యంత్రాలేమీ అక్కర్లేదు, రంగుల టేపు చాలు. ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో భుజానికీ మోచేతికీ నడుమ చేతి చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కన్నా తక్కువుంటే తీవ్ర లోపమే. మన దగ్గరా అదే లెక్క. మీ వీధిలో చిక్కిపోయిన బిడ్డ గానీ, పాదాలు ఉబ్బిన బిడ్డ గానీ కనిపిస్తే, ఏదో ఒకటి తినిపించి ఊరుకోకండి. అంగన్‌వాడీకో, ఆసుపత్రికో తీసుకెళ్లమని ఆ తల్లికి చెప్పండి.