అక్షం ఎక్కడ మొదలవ్వాలి?

1961 జనగణన నాటికి మన దేశంలో ఆరేళ్ల లోపు మగపిల్లలు వెయ్యిమంది ఉంటే ఆడపిల్లలు 976 మంది. ఆ సంఖ్య 1991కి 945 అయింది, 2001కి 927, 2011కి 918. ఈ నాలుగు అంకెలనూ ఎక్సెల్‌కిచ్చి స్తంభాల చార్టు గీయమంటే, మనం ఏమీ చెప్పకపోయినా నిలువు అక్షం 880 దగ్గర మొదలవుతుంది. అప్పుడు 1961 స్తంభం ఎత్తు 96 పాళ్లు, 2011 స్తంభం ఎత్తు 38 పాళ్లు. చూసినవారికి ఆడపిల్లల సంఖ్య సగానికి పైగా పడిపోయిందనిపిస్తుంది. నిజంగా తగ్గింది 6 శాతం. అక్షాన్ని సున్నాకు దించితే నాలుగు స్తంభాలూ ఇంచుమించు ఒకే ఎత్తుకు వచ్చి, యాభై ఏళ్లలో ఏమీ జరగలేదన్నట్టు కనిపిస్తాయి. స్కేలు మార్చడాన్ని రంగులు మార్చడం, అక్షరాలు పెద్దవి చేయడం లాంటి అలంకరణ పనుల్లో చేర్చేస్తుంటాం. కానీ ఎంత తేడాను తేడాగా లెక్కించాలో చదివేవారికి చెప్పేది స్కేలే. కనుక అది గీసేవారు ఆలోచించి తీసుకోవలసిన నిర్ణయం, సాఫ్ట్‌వేర్‌కు వదిలేయదగింది కాదు.

సాఫ్ట్‌వేర్‌కు పక్షపాతం ఉండదు కదా, అది ఎంచినదే నిష్పాక్షికమైన స్కేలు అనేవారున్నారు. ఎక్సెల్ వాడే సూత్రం రహస్యమేమీ కాదు, మైక్రోసాఫ్టే వివరించింది. అతి పెద్ద విలువకూ అతి చిన్న విలువకూ మధ్య తేడా, అతి పెద్ద విలువలో 16.667 శాతాన్ని, అంటే ఆరో వంతును దాటితే అక్షం సున్నా నుంచి మొదలవుతుంది. దాటకపోతే అతి చిన్న విలువలోంచి ఆ తేడాలో సగం తీసేసి, అంతకు దిగువనున్న మొదటి గుర్తు దగ్గర మొదలుపెడుతుంది. మన ఉదాహరణలో తేడా 58. 976లో ఆరో వంతు సుమారు 163. కాబట్టి సున్నా పోయింది. 918లోంచి 29 తీస్తే 889, దాని దిగువ గుర్తు 880. ఇందులో పక్షపాతం లేని మాట నిజమే, అవగాహన కూడా లేదు. ఆ అంకెలు ఆడపిల్లలవో అరటిగెలలవో సూత్రానికి తెలియదు. అది చూసేది అంకెలు కాగితం మీద నిండుగా కనిపిస్తున్నాయా లేదా అన్నదొక్కటే. దీని ఫలితం రెండు చార్టులను పక్కపక్కన పెట్టినప్పుడు మరీ దారుణంగా ఉంటుంది. 2001 నుంచి 2011 మధ్య దేశం మొత్తమ్మీద ఈ నిష్పత్తి 927 నుంచి 918కి, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 961 నుంచి 939కి తగ్గింది. ఒకచోట 9, మరోచోట 22. ఒక్కో చార్టుకు ఎక్సెల్ దాని స్కేలు అది వేసుకుంటే రెండు గీతలూ దాదాపు ఒకే వాలుతో దిగుతాయి. మన రాష్ట్రంలో తగ్గుదల దేశ సగటుకు రెట్టింపు కన్నా ఎక్కువన్న సంగతి, తెలుగు పాఠకుడికి అన్నిటికన్నా ముందు తెలియవలసిన సంగతి, బొమ్మలో కనబడదు.

స్తంభాల విషయంలో నియమం కచ్చితంగా ఉండాలి, సున్నా నుంచే మొదలవ్వాలి. స్తంభం తన విలువను పొడవుతో చెబుతుంది. సగం నరికిన పొడవు ఏ విలువనూ చెప్పదు. అమెరికాలో బెల్ ల్యాబ్స్‌కు చెందిన విలియం క్లీవ్‌లాండ్, రాబర్ట్ మెక్‌గిల్ 1984లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఒకే స్కేలు మీది స్థానాలను పోల్చడంలో మన కన్ను అన్నిటికన్నా తక్కువ పొరపాటు పడుతుందని తేలింది. పొడవులు, కోణాలు, వైశాల్యాలు ఆ తర్వాతే. స్తంభాలన్నీ ఒకే మట్టం నుంచి లేస్తాయి కనుక వాటిని కన్ను బాగా పోలుస్తుంది, బాగా నమ్ముతుంది కూడా. ఆ మట్టం అసలు సున్నా కానప్పుడు నష్టం జరిగేది ఈ నమ్మకం వల్లనే. చార్టుల రూపకల్పనపై పుస్తకాలు రాసిన ఎడ్వర్డ్ టఫ్టీ 1983లో ఈ వక్రీకరణకు ఒక కొలత ఇచ్చాడు: బొమ్మలో కనిపించే మార్పును అంకెల్లో ఉన్న మార్పుతో భాగించాలి, ఒకటి వస్తే బొమ్మ నిజాయితీగా ఉన్నట్టు. 96 నుంచి 38కి దిగిన స్తంభాల్లో కనిపించే తగ్గుదల 60 శాతం, అసలు తగ్గుదల 6 శాతం. అంటే పదింతలు.

అక్షం మీద అంకెలు వేశాం కదా, చదువుకున్నవారు చూసుకోలేరా అన్నది తరచూ వచ్చే జవాబు. డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2021లో ప్రచురించిన ప్రయోగాలు దీన్నే పరీక్షించాయి. అక్షం కత్తిరించిన స్తంభాలను చూసినవారు తేడాను ఎక్కువగా అంచనా వేశారు. ఇలాంటి బొమ్మలు తప్పుదారి పట్టిస్తాయని ముందే హెచ్చరించినా ఆ ప్రభావం తగ్గిందేగాని పోలేదు. పొడవు ముందు మనసుకెక్కుతుంది, అంకె ఆ తర్వాత వచ్చి దాన్ని పూర్తిగా సరిదిద్దలేదు.

అయితే అన్ని చార్టులనూ సున్నా నుంచి గీస్తే గొడవే ఉండదు కదా? ఈ అభ్యంతరం బలమైనది, నిజాయితీపరులు చెప్పేది. కానీ సున్నా కూడా దాచగలదు. 2015 డిసెంబరులో అమెరికన్ పత్రిక నేషనల్ రివ్యూ, 1880 నుంచి భూగోళపు సగటు ఉష్ణోగ్రతలను చూపే గీతను ట్విటర్‌లో పెట్టింది. నిలువు అక్షం మైనస్ 10 నుంచి 110 డిగ్రీల ఫారెన్‌హీట్ వరకు. గీత బల్లపరుపుగా సాగింది, వేడెక్కడమన్నదే లేనట్టు. గత హిమయుగపు తీవ్రదశలో భూమి సగటు నేటికన్నా చల్లగా ఉన్నది సుమారు 5, 6 డిగ్రీల సెల్సియస్ మాత్రమేనని తెలిస్తే, అక్కడ ఒక్క డిగ్రీ విలువేమిటో అర్థమవుతుంది. పైగా ఫారెన్‌హీట్ సున్నా అంటే వేడి లేకపోవడమని కాదు. జ్వరం చూసే థర్మామీటరు 35 దగ్గర మొదలై 42 దగ్గర ఆగుతుంది. మనిషి ఒంటికి అర్థమున్న పరిధి అదే కనుక దాన్ని మోసమని ఎవరూ అనరు.

ఆడపిల్లల నిష్పత్తికీ అలాంటి పరిధి ఉంది. ఎవరి జోక్యమూ లేనప్పుడు 100 మంది ఆడశిశువులకు సుమారు 105 మంది మగశిశువులు పుడతారు. అంటే వెయ్యికి 950 చిల్లర. సహజంగా పసితనంలో మగశిశువుల మరణాలు కొంచెం ఎక్కువ, కాబట్టి ఆరేళ్ల లోపు నిష్పత్తి ఇంకాస్త పైనే ఉండాలి. ఇక్కడ ప్రశ్న సున్నా దగ్గర పుట్టదు, 950 దగ్గర పుడుతుంది. దానికి ఎంత దిగువకు వెళితే అంతమంది ఆడపిల్లలు పుట్టకుండా ఆగిపోయారనో, పుట్టీ బతకలేదనో అర్థం. అందుకే ఈ అంకెలకు స్తంభాలు తగవు. గీత గీసి, అక్షాన్ని 880 నుంచి 1000 దాకా ఉంచి, 950 దగ్గర అడ్డంగా ఒక సన్నని గీత వేయాలి. గీత తన విలువను స్థానంతో చెబుతుంది, పొడవుతో కాదు. కనుక సున్నా లేనందువల్ల దాని మాట అబద్ధం కాదు. 880 అన్నది ఎక్సెల్ ఎంచిన అంకే కదా అంటే, అవును. ఆ అంకె గీతకు సరిపోయింది, స్తంభాలకు సరిపోలేదు. సూత్రానికి ఆ తేడా తెలియదు.

నిలువు అక్షం సరిచేశాక అడ్డం అక్షాన్ని మరిచిపోవడం మామూలే. పైన ఇచ్చిన నాలుగు సంవత్సరాల్లో మొదటి రెంటి మధ్య ముప్ఫై ఏళ్లు, మిగతావాటి మధ్య పదేళ్లు. సంవత్సరాలను పేర్లుగా తీసుకునే మామూలు గీత చార్టు వాటిని సమాన దూరాల్లో పెడుతుంది. అప్పుడు ముప్ఫై ఏళ్లలో తగ్గిన 31, పదేళ్లలో తగ్గిన 18 కన్నా ఏటవాలుగా దిగుతుంది. లింగనిర్ధారణ స్కానింగులు విస్తరించిన దశాబ్దం నెమ్మదైనదిగా కనిపిస్తుంది. స్కాటర్ చార్టు వాడితే సంవత్సరాల మధ్య దూరం అసలు నిడివిలో వస్తుంది. లేదా 1971 నాటి 964, 1981 నాటి 962 కూడా చేర్చాలి.

చేయడం తేలికే. అక్షం మీద రెండుసార్లు నొక్కితే తెరుచుకునే ఫార్మాట్ యాక్సిస్‌లో మినిమం, మ్యాగ్జిమం గడులుంటాయి. అంకె వేయగానే పక్కనున్న ఆటో అన్న మాట రీసెట్‌గా మారుతుంది, అంటే ఇక ఆ హద్దు మనది. పక్కపక్కన పెట్టే చార్టులన్నిటికీ ఒకే హద్దులు వేయాలి. అయితే చేత్తో వేసిన హద్దు కొత్త అంకెలు వచ్చినా కదలదు. జనగణన 2027 లెక్కలు వెలువడ్డాక ఏదైనా జిల్లా విలువ 880కి దిగువన ఉంటే, దాని గీత చార్టు అడుగు అంచు దగ్గర తెగిపోతుంది, ఎక్సెల్ ఏ హెచ్చరికా ఇవ్వదు. పాత చార్టులో కొత్త వరుస చేర్చిన ప్రతిసారీ ముందు ఆ రెండు గడులూ తెరిచి చూడాలి.