రెండో చేతికీ బీపీ చూడమనండి

కెనడాలోని కేంబ్రిడ్జ్‌ని గాల్ట్, ప్రెస్టన్, హెస్పెలర్ ఊళ్లు కలిపి 1973లో ఏర్పాటు చేశారు. గాల్ట్‌లో తొలుత స్థిరపడినవాళ్లలో స్కాట్లాండ్ వాళ్లు ఎక్కువ. ఇప్పుడు మనవాళ్లూ ఆ చుట్టుపక్కలే ఉంటున్నారు. ఈ మూలాల సంగతి ఎందుకంటే, పెద్ద ధమనులు వాచే జబ్బులు ముఖ్యంగా రెండు. ఒకటి ఉత్తర ఐరోపా మూలాలవాళ్లకు యాభై దాటాక ఎక్కువగా వస్తుంది, రెండోది ఆసియా ఆడవాళ్లకు నలభై లోపే. రెండింటివల్లా పక్షవాతం రావచ్చు.

మొదటిది జెయింట్ సెల్ ఆర్టెరైటిస్. కణతల్లో నొప్పి, దువ్వెన తగిలినా తల మండటం, నములుతుంటే దవడ లాగడం దీని గుర్తులు. ఆలస్యమైతే చూపే పోతుంది. అందుకే బయాప్సీ ఫలితం కోసం ఆగకుండా స్టెరాయిడ్ మొదలుపెడతారు.

రెండోది టకయాసు ఆర్టెరైటిస్. జపాన్ కంటి డాక్టర్ మికిటో టకయాసు 21 ఏళ్ల అమ్మాయి కంటి లోపల రక్తనాళాలు దండలా అల్లుకుని ఉండటం చూసి, 1908లో ఒక సభలో చెప్పారు. అదే సభలో మరో ఇద్దరు డాక్టర్లు, అలాంటి కళ్లే ఉన్న తమ రోగులకు మణికట్టు దగ్గర నాడి అందడం లేదన్నారు.

జపాన్‌లో ఇది ఎక్కువగా గుండె పైనున్న బృహద్ధమని కొమ్మలను పట్టుకుంటుంది. భారతదేశంలో కడుపులోని బృహద్ధమని, కిడ్నీ ధమనులు దెబ్బతినడం ఎక్కువ. కిడ్నీకి రక్తం తగ్గితే బీపీ పెరుగుతుంది. నాకు అన్నిటికన్నా భయం కలిగించేది ఇదే: చేతి ధమని కూడా సన్నబడితే ఆ చేతిలో బీపీ తక్కువే చూపిస్తుంది. లోపల మాత్రం మెదడు మీద ఒత్తిడి విపరీతంగా ఉంటుంది. ‘నార్మల్’ అనుకుని ఇంటికెళ్లిన ముప్పై ఏళ్ల మనిషికి మెదడులో నాళం చిట్లవచ్చు. కాబట్టి రెండు చేతులకీ చూడాలి, తేడా 10 దాటితే అనుమానించాలి. రెండు చేతులూ నమ్మదగ్గవి కాకపోతే కాళ్లకు చూడాలి. క్లినిక్‌లో రెండో చెయ్యి చాపి అడగడానికి మొహమాటపడొద్దు.

బట్టలు ఆరేస్తుంటే చెయ్యి లాగి కళ్లు తిరుగుతున్నాయా? చేతి ధమని సన్నబడటంవల్ల, మెదడు వెనక భాగానికి వెళ్లాల్సిన రక్తం దారి మళ్లి చేతిలోకి దిగిపోతుండవచ్చు.

మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా అది పక్షవాతం కావచ్చు, కారు తీయకుండా 911కి ఫోన్ చెయ్యండి. అంబులెన్స్ కేంబ్రిడ్జ్ ఆసుపత్రి దాటి కిచెనర్‌లోని స్ట్రోక్ కేంద్రానికి వెళ్లినా కంగారుపడొద్దు. గడ్డ కరిగించే మందు మామూలుగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. టకయాసు ఉన్నవాళ్ల ఇంట్లోవాళ్లు అంబులెన్స్ వాళ్లకు ఆ సంగతీ, ఏ చేతి బీపీ నమ్మాలో కూడా ముందే చెప్పేయాలి.