మెరుపును మింగే మసిగుడ్డ

* కారుపై గీతలకు మూలం తుడిచే బట్టలో చిక్కిన ఇసుకే
* కడగడానికి, తడి ఆర్చడానికి, వ్యాక్స్ పూయడానికి వేర్వేరు బట్టలు అవసరం
* డెల్టాలో ఊక బూడిద, ఉప్పు నీటితో అదనపు జాగ్రత్త

రాజమహేంద్రవరం: కొత్త కారు ఇంటికి వచ్చిన రోజున పసుపు కుంకుమలు, నిమ్మకాయలతో పూజ జరుగుతుంది. మరునాటి ఉదయం నుంచి దానికి నిత్యసేవ మొదలవుతుంది. ఇంట్లో వాడి వదిలేసిన పాత పంచె ముక్కనో, చిరిగిన బనియనునో బకెట్టు నీటిలో ముంచి, పిండి, బండి మొత్తం తుడిచేస్తారు. అప్పటికి అద్దంలా మెరుస్తుంది. ఏడాది తిరిగేసరికి మాత్రం ఎండలో నిలిపినప్పుడు బానెట్‌పై సాలెగూడు వంటి సన్నని గీతలు బయటపడతాయి. ఎవరో పిల్లలు గీశారని, రంగు నాసిరకమని యజమాని వాపోతారు. నిజానికి ఆ గీతల్లో అత్యధికం రోజూ తుడిచిన చేతి నుంచి వచ్చినవే. చేసిన సేవే చేటు తెచ్చిందన్నమాట.

ఈ నష్టం చూపుకు మాత్రమే పరిమితం కాదు. కారును అద్దెకు తిప్పుకొని బతికేవారికి అదే ఆస్తి. అమ్మకానికి పెట్టినప్పుడు కొనేవారి కన్ను మొదట పడేది రంగుపైనే. ఒక్క డోరుకు తిరిగి రంగు వేయించాలన్నా ఖర్చు వేలల్లో ఉంటుంది. కొన్ని వందల రూపాయల బట్టలతో, కొద్దిపాటి అవగాహనతో ఈ నష్టాన్ని చాలావరకు నివారించుకోవచ్చు.

వెంట్రుక కంటే పలచన

నేటి కార్ల రేకుపై రంగు పొరలుగా ఉంటుంది. అడుగున తుప్పు పట్టకుండా కాపాడే పూత, దానిపై ప్రైమర్, ఆపై రంగు, అన్నిటికీ పైన క్లియర్ కోట్ అనే పారదర్శక పొర. ఇవన్నీ కలిపినా మందం సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లే. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మెరుపును ఇచ్చేది, ఎండ నుంచి రంగును కాచేది పైనున్న క్లియర్ కోట్. దాని మందం సుమారు 35 నుంచి 50 మైక్రాన్లు. తలవెంట్రుక మందం సగటున 70 మైక్రాన్లు అనుకుంటే, కారుకున్న రక్షణ కవచం అంతకంటే పలచనన్నమాట.

తడి గుడ్డలో చిక్కిన ఇసుక రేణువు ఈ పొరపై కదిలిన ప్రతిసారీ ఒక గాడి పడుతుంది. గీతలు అన్ని దిక్కులకూ ఉన్నా, వెలుతురును కంటి వైపు తిప్పే గీతలే కనిపిస్తాయి. అందుకే ఎండలో సూర్యుడి ప్రతిబింబం చుట్టూ వలయాలుగా అగుపిస్తాయి. నలుపు, ముదురు ఎరుపు, ముదురు నీలం రంగుల్లో ఇవి కొట్టొచ్చినట్లు కనిపిస్తాయి. తెలుపులో కనబడవే తప్ప పడకుండా ఉండవు.

యంత్రంతో పాలిష్ పట్టిస్తే గీతలు పోతాయి. అయితే పాలిష్ అంటే గీత లోతు వరకు చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ను అరగదీయడమే. పట్టించిన ప్రతిసారీ ఆ పొర కొంత తరుగుతుంది. తరిగినది తిరిగి రాదు. కనుక గీత పడకుండా చూసుకోవడమే మేలు.

డెల్టా దుమ్ములో సిలికా

గోదావరి జిల్లాల్లో కారుపై పడే దుమ్ముకు కొన్ని ప్రత్యేకతలున్నాయి. ధవళేశ్వరం, కొవ్వూరు పరిసరాల్లో ఇసుక లారీల వెంట వెళితే సన్నని ఇసుక రేణువులు బానెట్‌పై రాలతాయి. మండపేట, తాడేపల్లిగూడెం వంటి చోట్ల రైసు మిల్లుల బాయిలర్లలో ఊకను మండిస్తారు. గాలికి వచ్చి పడే ఆ నల్లని బూడిద చూడటానికి దూదిలా తేలికగా ఉంటుంది కానీ, అందులో అత్యధిక భాగం సిలికా. ఇసుకలోనూ ప్రధాన పదార్థం అదే. సార్వా, దాళ్వా కోతల రోజుల్లో రోడ్లపై ధాన్యం ఆరబోస్తారు. అప్పుడు లేచే ధూళిలోనూ గరుకైన ఊక పొడి ఉంటుంది. ఇటువంటి దుమ్మును పొడి గుడ్డతో దులపడం గరుకు కాగితంతో రుద్దడం వంటిదే.

తీర ప్రాంతంలో మరో చిక్కు ఉంది. భీమవరం, నరసాపురం, అమలాపురం పరిసరాల్లో అనేక చోట్ల బోరు నీరు ఉప్పగా ఉంటుంది. ఆ నీటితో కడిగి ఎండకు వదిలేస్తే నీరు ఆవిరై లవణాలు తెల్లని మచ్చలుగా మిగులుతాయి. వెంటనే తుడవకుంటే అవి రంగును పట్టుకుంటాయి. అందువల్ల ఇక్కడ కడిగే తొడుగు ఎంత ముఖ్యమో, తడిని పీల్చే తువ్వాలూ అంతే ముఖ్యం.

కడగడానికి కుచ్చుల తొడుగు

బట్టను ఎన్నుకోవడంలో సూత్రం ఒక్కటే. రేణువు బట్టకు, రంగుకు మధ్య నలగకూడదు. బట్ట లోపలికి వెళ్లిపోవాలి. సమతలంగా ఉండే స్పాంజితో ఇది సాధ్యం కాదు. ఇసుక దాని ముఖంపైనే నిలిచి రంగును గీస్తుంది. పాత పంచె, బనియను బట్ట మెత్తనే అయినా పలచన. రేణువు దాగేందుకు చోటుండదు. పాత చొక్కాలైతే గుండీలు, గట్టి కుట్లు అదనపు ప్రమాదం.

చేతికి తొడుక్కునే వాష్ మిట్‌కు వేళ్ల వంటి మెత్తని కుచ్చులు వేలాడుతుంటాయి. దుమ్ము ఆ కుచ్చుల మధ్యకు చేరి, రంగుకు దూరంగా ఉంటుంది. నీటిలో జాడించగానే వదిలిపోతుంది. గొర్రె ఉన్ని తొడుగులు మరింత మృదువుగా ఉన్నా, మన వానాకాలపు తేమలో త్వరగా ఆరవు, వాసన పడతాయి. కుచ్చుల మైక్రోఫైబర్ తొడుగు ధరకూ మన్నికకూ అనువైనది.

తొడుగు మంచిదైనంత మాత్రాన సరిపోదు. ముందుగా పైపు నీటితో బండిని బాగా తడిపి, వదులుగా ఉన్న దుమ్మును జార్చేయాలి. తరువాత రెండు బకెట్లు సిద్ధం చేసుకోవాలి. ఒకదానిలో షాంపూ నీరు, మరొకదానిలో మంచినీరు. ఒక డోరు పూర్తికాగానే తొడుగును మంచినీటిలో జాడించి, ఆ తరువాతే మళ్లీ షాంపూలో ముంచాలి. పైనుంచి కిందికి, గుండ్రంగా తిప్పకుండా తిన్నగా లాగాలి. బురద ఎక్కువగా పట్టే కింది అంచులకు రెండో తొడుగు వాడాలి. చక్రాలకు బ్రేకుల నుంచి రాలే ఇనుప పొడి అంటుకొని ఉంటుంది. వాటిని తుడిచిన గుడ్డ మళ్లీ రంగుపైకి రాకూడదు.

షాంపూ బదులు గిన్నెలు తోమే సబ్బు, బట్టల పొడి వాడితే అంతకుముందు పూసిన వ్యాక్స్ కూడా కొట్టుకుపోతుంది. మెరుపు కోసం కిరోసిన్, డీజిల్ తడిపిన గుడ్డతో తుడిచే అలవాటూ మంచిది కాదు. ఆ జిడ్డు మరింత దుమ్మును పట్టి ఉంచుతుంది.

తడి ఆర్చే తువ్వాలు

మైక్రోఫైబర్ అంటే అతి సన్నని కృత్రిమ నూలు. 9,000 మీటర్ల పోగు తూకం ఒక్క గ్రాము కంటే తక్కువ. పాలియెస్టర్, పాలియమైడ్ కలిపి తీసిన పోగును చీల్చి తయారు చేస్తారు. ఆ చీలికల సందుల్లోకి నీరు, దుమ్ము చేరతాయి. చీటీపై 80/20 లేదా 70/30 అని కనిపించే అంకెలు ఈ రెండింటి పాళ్లు. రెండోది పెరిగేకొద్దీ సాధారణంగా మెత్తదనం, నీటిని పీల్చే గుణం పెరుగుతాయి. ధర కూడా పెరుగుతుంది.

జీఎస్ఎం అనే మరో అంకె చదరపు మీటరు బట్ట బరువును గ్రాముల్లో చెబుతుంది. తడి ఆర్చడానికి 500 పైబడిన దళసరి తువ్వాలు, వ్యాక్స్ తుడవడానికి 300 నుంచి 400 మధ్య రకం సరిపోతాయి. చిన్న చిన్న గళ్ల నేతతో వచ్చే తువ్వాళ్లు కూడా నీటిని బాగా పీలుస్తాయి. షామీ తోలు నీటిని లాగుతుంది కానీ, నున్నగా ఉండటంవల్ల మిగిలిపోయిన రేణువును దాచుకోలేదు.

తువ్వాలును రుద్దకూడదు. బానెట్‌పై పరిచి, నీరు పీల్చుకునేదాకా ఆగి, మెల్లగా తీయాలి. ఉప్పు నీటి ప్రాంతాల వారు నీడలో కడిగి, కడిగిన వెంటనే ఆర్చాలి. వీలైతే చివరిసారి మంచినీటితో జార్చాలి.

వ్యాక్స్ పూసే మెత్త

దుకాణాల్లో పాలిష్, వ్యాక్స్ అనే మాటలను ఒకే అర్థంలో వాడటం కద్దు. రెండూ వేరు. పాలిష్ అరగదీస్తుంది, వ్యాక్స్ పైపూతగా నిలుస్తుంది. కార్ల వ్యాక్స్‌లో పేరొందిన కార్నౌబా మైనం బ్రెజిల్‌లో పెరిగే ఒక తాళ జాతి చెట్టు ఆకుల నుంచి వస్తుంది. మన తాడిచెట్టు కుటుంబానికే చెందిన ఆ చెట్టు, ఆకులోని తేమ ఎండకు పోకుండా తనకు తాను పూసుకునే పూత అది.

దీనిని పూయడానికి గుడ్డ పనికిరాదు. గుడ్డ వ్యాక్స్‌ను అధికంగా తాగేస్తుంది, పూత ఒకచోట మందంగా, మరోచోట పలచగా పడుతుంది. అరచేతిలో ఇమిడే గుండ్రని ఫోమ్ మెత్త, అంటే అప్లికేటర్ ప్యాడ్, తక్కువ వ్యాక్స్‌తో సమానంగా పూస్తుంది. ఫోమ్ సన్నని రంధ్రాలతో, వేలితో నొక్కితే వెంటనే పొంగేలా ఉండాలి. పాలిష్‌కు వాడిన మెత్తను వ్యాక్స్‌కు వాడరాదు. అందులో మిగిలిన గరుకు పొడి కొత్త గీతలు పెడుతుంది.

బండి చల్లబడ్డాక, నీడలో, ఒక్కో భాగానికి పలచగా పూయాలి. మందంగా పూస్తే మెరుపు పెరగదు, తుడవడం కష్టమవుతుంది. వ్యాక్స్ ఆరి మసకబారినట్లు కనిపించాక ఒక తువ్వాలుతో తీసి, మరో పొడి తువ్వాలుతో మెరుగు పెట్టాలి. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజుల్లో ఆరడానికి ఎక్కువ సమయం పడుతుంది. నల్లని ప్లాస్టిక్ అంచులకు వ్యాక్స్ తగిలితే తెల్లమచ్చలు మిగులుతాయి.

కొనే ముందు పరీక్ష

చీటీపై అంకెలు ఏమి చెప్పినా చేతితో చూసుకోవడం మంచిది. తువ్వాలు అంచులు గట్టి నైలాన్ దారంతో కుట్టి ఉంటే ఆ అంచే రంగును గీస్తుంది. అంచు కుట్టు లేనివి, మెత్తని బట్టతో అంచు మడిచినవి ఎంచుకోవాలి. కంపెనీ చీటీని కత్తిరించాకే వాడాలి. పాడైన సీడీ వెనుక నున్నటి భాగంపై బట్టతో పలుమార్లు రుద్ది వెలుతురులో చూస్తే, గీతలు పెట్టే బట్ట ఏదో తెలిసిపోతుంది. కొన్ని నీటి చుక్కలపై వేసినప్పుడు పీల్చుకోకుండా నీటిని పక్కకు తోసే బట్ట తడి ఆర్చడానికి పనికిరాదు.

ఉతకడంలోనూ మెలకువ

మైక్రోఫైబర్ బట్టలను నూలు బట్టలతో కలిపి ఉతికితే నూలు పీచు వాటి సందుల్లో చిక్కుకుంటుంది. వేరుగా, తేలికపాటి ద్రవ సబ్బుతో ఉతకాలి. బట్టలకు మెత్తదనం, సువాసన ఇచ్చే ద్రవాలు ఆ సందులను మూసి, నీటిని పీల్చే గుణాన్ని చంపేస్తాయి. ఇస్త్రీ చేస్తే సన్నని పోగులు కరిగి గరుకెక్కుతాయి. నీడలో ఆరవేసి, దుమ్ము పడకుండా మూత ఉన్న డబ్బాలో ఉంచాలి. నేలపై జారిపడిన తువ్వాలును దులిపి వాడటం మరీ ప్రమాదం. ఉతికాకే మళ్లీ బండిపైకి తేవాలి.

కాలువలో కడగొద్దు

సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి కాలువలు డెల్టాకు ప్రాణాధారం. పంటకే కాక, అనేక గ్రామాల తాగునీటి చెరువులను నింపేదీ ఆ నీరే. కాలువ గట్టున బండి దించి కడిగితే నూనె, జిడ్డు, సబ్బు ఆ నీటిలోనే కలుస్తాయి. మైక్రోఫైబర్ బట్టల నుంచి ఊడే సన్నని ప్లాస్టిక్ పోగులూ అందులోకే చేరతాయి. బండికీ మేలు జరగదు. వరద రోజుల్లో వచ్చే ఎర్రనీటిలో ఒండ్రు, ఇసుక నిండి ఉంటాయి. ఆ నీటితో రుద్దితే దుమ్ము పోవడం అటుంచి, కొత్త గీతలు పడతాయి. ఇంటి వద్ద రెండు బకెట్ల నీరు, ఒక మంచి తొడుగు ఉంటే కారుకూ కాలువకూ క్షేమం.

ఇవి ఉంటే చాలు

* కుచ్చుల తొడుగులు రెండు: పైభాగానికి ఒకటి, కింది అంచులకు ఒకటి
* తడి ఆర్చడానికి దళసరి తువ్వాలు ఒకటి
* వ్యాక్స్ పూయడానికి ఫోమ్ మెత్త ఒకటి
* వ్యాక్స్ తీయడానికి, మెరుగు పెట్టడానికి తువ్వాళ్లు రెండు
* చక్రాలకు ప్రత్యేకంగా ఒక పాత గుడ్డ
* ఒక్కో పనికి ఒక్కో రంగు బట్ట ఎంచుకుంటే ఇంట్లో ఎవరు కడిగినా తారుమారు కావు
* నీరు పోయకుండా పొడి దుమ్మును ఎన్నడూ తుడవరాదు